నీళ్ళు వంగిన చోటు

పదకొండో భాగం

"ఆ గుర్రం ఇంకా నీళ్ళు తాగుతూనే ఉందా?"

పోయిన వారం భాగంలో, జోహన్నెస్‌బర్గ్ పక్కనున్న కట్లెహోంగ్‌లో, లిండెల్వా వాళ్ళ వంటింట్లో, ఈ మాట దగ్గర ఆగాం. అడిగింది డెబ్బై ఆరేళ్ళ నొఫెజిలే. విన్నది మనవరాలు లిండెల్వా, కోడలు బుసిసివే. ఇద్దరికీ తలా తోకా దొరకలేదు.

ఆగస్టులో కళ్ళ డాక్టరు నొఫెజిలే రెండు కళ్ళలోకీ లైటు వేసి చూశాడు. క్రిస్మస్ నాటికి మనుషులు నీడల్లా కనిపించడం మొదలవుతుందని చెప్పాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఆమె, కాపురానికొచ్చిన యాభై ఏడేళ్ళలో మొదటిసారి తన కోసం ఒకటి అడిగింది. "కళ్ళు పోకముందు నన్నొకసారి సముద్రం దగ్గరికి తీసుకెళ్ళండి. నీళ్ళు వంగి నేల ఒళ్ళోకి వచ్చిన చోటికి. రెండు రోజులు చాలు."

నీళ్ళు వంగిన చోటంటే ఏమిటో లిండెల్వాకి అర్థం కాలేదు. బుసిసివే మాత్రం వెంటనే అందుకుంది. ఆమె జులూల ఆడపడుచు. వాళ్ళ భాషలో సముద్రపు వంపుని 'తెకు' అంటారు. డర్బన్‌కి వాళ్ళు పెట్టుకున్న 'ఎతెక్విని' అనే పేరు దాన్నుంచే వచ్చింది. "తెకు! తెకూయే కదా అత్తమ్మా?" అంది. నొఫెజిలే కోడలి వైపు ఎంతో మెచ్చుకోలుగా చూసి, "ఆ, అదే" అని తలూపింది. ఆ తలూపుతో డర్బన్ ప్రయాణం ఖాయమైపోయింది.

సెప్టెంబరు సెలవులకి గురువారం పొద్దున బయల్దేరి ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేలా లిండెల్వా ఏర్పాట్లన్నీ చేసింది. బస్సులో ముందు వరస సీట్లు చెప్పింది. మెట్లెక్కక్కర్లేని గది చూసింది. చూడాల్సినవన్నీ గంటల లెక్కన ఒక కాగితం మీద రాసుకుంది. అమ్మని అడిగింది, ఉత్తరాన లారీ నడుపుతున్న నాన్న సండిలేని ఫోనులో అడిగింది, బడిలో తోటి పంతుళ్ళని కూడా అడిగింది. నాయనమ్మని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. పెద్దావిడ, జాగ్రత్తగా కూర్చోబెట్టి తీసుకెళ్ళడమే కదా అనుకున్నారు.

ఈ శనివారం మధ్యాహ్నం మొదటిసారి ఆ కాగితం ఆమెకి చదివి వినిపిస్తుంటే, గుర్రం ప్రశ్న వచ్చిపడింది.

"ఏ గుర్రం నాయనమ్మా?" అంది లిండెల్వా.

"కంచు గుర్రం. ముందు ఒక సిపాయి మోకాళ్ళ మీద కూర్చుని బకెట్టు పట్టుకుంటాడు. తాగడానికి అది మెడ వంచుతుంది. నీ కాగితంలో అది రాలేదే?"

లిండెల్వా కాగితం మళ్ళీ పైనుంచి కిందికి చూసింది. "చేపల అద్దాల మేడ ఉంది. సముద్రంలోకి కట్టిన వంతెన ఉంది. కొమ్ముల కిరీటాలు పెట్టుకుని రిక్షాలు లాగేవాళ్ళున్నారు. గుర్రం అయితే లేదు."

"గుర్రాలు మా ఊళ్ళో బోలెడు" అంది బుసిసివే, పిండి పిసుకుతూ. "జూలై పందాలకి దేశం దేశమంతా టోపీలు పెట్టుకుని దిగదూ?"

"పందెం గుర్రాలు కంచువి కావు, మాంగుబానే" అంది నొఫెజిలే. కోడలిని ఆమె ఎప్పుడూ పుట్టింటి వంశం పేరుతోనే పిలుస్తుంది. "సరే, గంటల గోపురమైనా రాశావా? ఓడలరేవు పక్కన ఎర్ర ఇటుకలది. పైకెక్కితే ఓడలన్నీ కనిపిస్తాయట. మమ్మల్ని ఎక్కనిచ్చేవాళ్ళు కాదులే. కిందనుంచి తలెత్తి చూసేవాళ్ళం."

లిండెల్వా ఫోను తీసి వెతికింది. డర్బన్‌లో గడియారం ఉన్న మేడలు దొరికాయి, గోపురాలున్న గుళ్ళూ మసీదులూ దొరికాయి. ఒక్కొక్క బొమ్మా పెద్దది చేసి నాయనమ్మ మొహానికి దగ్గరగా పెట్టింది. నొఫెజిలే కళ్ళు చికిలించి చూసి, ప్రతిదానికీ కాదని తల అడ్డంగా ఊపింది.

"నీకు ఎవరైనా చెప్పగా విన్నావా, నువ్వే చూశావా?"

"నేనే చూశాను."

"నువ్వెప్పుడు చూశావు?"

నొఫెజిలే మొహం గోడ పక్కనున్న సీసాల వైపు తిప్పుకుంది.

వంటింటి గోడ పొడుగునా ఖాళీ సీసాలు నిలబెట్టి ఉన్నాయి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు, పదిహేడు. ఒక్కొక్క దాని మీదా బంక కాగితం, దాని మీద ఇంటివాళ్ళ పేరు. వీధిలో ఎవరు సముద్రానికి వెళ్తున్నా ఇంతే. ఒకరికి కడుపు శుభ్రం చేసుకోవడానికి, ఒకరికి ఇంటి నాలుగు మూలలా చల్లుకోవడానికి, ఒకరికి నిద్రలో ఉలిక్కిపడే పిల్లాడి తల మీద పోయడానికి. ముప్ఫై నాలుగు లీటర్ల ఉప్పునీళ్ళు బస్సులో ఎలా తేవాలన్నది నిన్నటిదాకా లిండెల్వాకున్న పెద్ద దిగులు. ఇప్పుడు కొత్త దిగులు మొదలైంది. నాయనమ్మకి చూపుతోపాటు మతి కూడా మసకబారుతోందా?

ఆ భయం మొహంలో కనపడనీకుండా చదవడం కొనసాగించింది. "గురువారం పొద్దున ఆరింటికి డర్బన్ బస్సు…"

"డర్బన్ మీదుగా ఎందుకే?" అంది నొఫెజిలే. "చుట్టుదారి కదా అది. బ్లూమ్‌ఫాంటేన్ మీదుగా తిన్నగా పోయే బస్సుల్లేవా?"

పిండి పిసుకుతున్న చేతులు ఆగిపోయాయి.

"డర్బన్ మీదుగా కాదు నాయనమ్మా. డర్బన్‌కే."

"డర్బన్‌లో మనకేం పని?"

బుసిసివే చేతులు కడుక్కోకుండానే వెనక్కి తిరిగింది. మోచేతులదాకా పిండి. గురువారం దారిలో తినడానికి కోడి వేయించాలి, గుడ్లు ఉడకబెట్టాలి, ఆవిరి రొట్టె చెయ్యాలి. రొట్టె సరిగ్గా పొంగుతుందో లేదో చూద్దామని ముందుగా ఒకటి కలుపుతోంది. డర్బన్ పక్కన ఉమ్లాజీలో ఆమె అక్క విందుకి ఇప్పటికే మేకని చూసి పెట్టింది. అక్కాచెల్లెళ్ళు ఎదురూ బొదురూ కూర్చుని నాలుగేళ్ళయింది.

"అత్తమ్మా, ఏమిటీ మాటలు?" అంది. "సముద్రం అన్నారు. తెకు అంటే తలూపారు. మా అక్క రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఇప్పుడొచ్చి డర్బన్‌లో మనకేం పని అంటారా?"

"నేను డర్బన్ అన్నానా?"

"తెకు అన్నాను కదా నేను!"

"నువ్వు వంపు అన్నావు. నేనూ వంపే అన్నాను. డర్బన్ పేరు ఎత్తిందెవరు?"

"తెకు అంటే డర్బన్ కాక ఇంకేమిటి?"

"మాంగుబానే, గొంతు తగ్గించు. నాకు కళ్ళు పోతున్నాయి గానీ చెవులు కాదు."

"మీకు చెవులూ బాగానే ఉన్నాయి, కళ్ళూ కావలసినంత కనిపిస్తున్నాయి" అంది బుసిసివే. "ఇరవై ఎనిమిదేళ్ళయింది నేనీ ఇంటికొచ్చి. ఎప్పుడు మావాళ్ళ ఊరు పోదామన్నా ఏదో ఒకటి అడ్డం. ఒకసారి చావు, ఒకసారి పెళ్ళి, ఒకసారి మీ మోకాళ్ళ నొప్పి. ఈసారి గుర్రం! నీళ్ళు తాగే గుర్రం! నాకు తెలీదా అత్తమ్మా? కోడలి ఊరని తెలిశాక మీకు సముద్రం కూడా చేదయింది."

"అమ్మా, ఆగవే" అంది లిండెల్వా.

"నువ్వాగు! నీ చదువుకి ఏం అర్థమవుతుంది ఇది?"

నిజానికి లిండెల్వాకి ఏమీ అర్థం కావడం లేదు. ఇంట్లో డిగ్రీ దాకా చదివింది తనొక్కతే. ఎనిమిదో తరగతి పిల్లలకి భూగోళం చెబుతుంది. దేశపటం మీద కళ్ళు మూసుకుని ఏ ఊరైనా చూపించగలదు. అలాంటిది, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే సముద్రం గురించి పది నిమిషాలుగా కొట్టుకుంటుంటే, ఆ సముద్రం ఎక్కడుందో పోల్చుకోలేకపోతోంది. ఎవరో నిజం చెబుతున్నారు, ఇంకెవరో పొరబడుతున్నారు అనుకుంటే సర్దిచెప్పొచ్చు. ఇక్కడ ఇద్దరూ నిజమే చెబుతున్నట్టున్నారు. అదెలా కుదురుతుంది?

నొఫెజిలే బల్ల అంచు పట్టుకుని మెల్లగా లేచింది. "నేను కాసేపు బయట కూర్చుంటాను. మాంగుబానే, నా భుజాల గుడ్డ ఇలా ఇయ్యి."

ఎంత కోపంలో ఉన్నా అత్తగారు అడిగింది అందించకపోవడం బుసిసివేకి చేతకాదు. చేతులు గబగబా ఆప్రాన్‌కి తుడుచుకుని కుర్చీ వెనక వేలాడుతున్న శాలువా తీసింది. రెండడుగులు వేసింది. మూడో అడుగు వెయ్యలేదు. శాలువాని రెండు చేతులతో పట్టుకుని, అప్పుడే కొత్తగా కొన్నదాన్ని చూసినట్టు చూస్తూ నిలబడిపోయింది.

"భుజాల గుడ్డ" అంది తనలో తను.

"ఏమైందమ్మా?"

"లిండెల్వా, దీన్ని ఏమంటారో చెప్పు."

"ఏమిటమ్మా ఇప్పుడు…"

"చెప్పు. మీ నాయనమ్మ దీన్ని ఒక్కనాడూ దాని పేరుతో పిలవలేదు. ఆవిడ ముందు నేనూ పలకకూడదు. నువ్వు ఈ ఇంట పుట్టిన పిల్లవి, నీకు తప్పు లేదు. చెప్పు."

"ఇబాయి" అంది లిండెల్వా.

నొఫెజిలే తల దించుకుంది.

లిండెల్వా ముత్తాత పేరు బాయి. నొఫెజిలేకి మామగారు. మామగారి పేరు కోడలు పలకకూడదు. పేరే కాదు, ఆ పేరు దొర్లే మాట ఏదీ పలకకూడదు. పెళ్ళయిన మొదటి రోజునే అత్తింటి ఆడవాళ్ళు కొత్త పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి, ఏ మాటలు మానెయ్యాలో, వాటికి బదులు ఏమనాలో నేర్పుతారు. అందుకే నొఫెజిలేకి శాలువా భుజాల గుడ్డ అయింది. బైబిలుని 'ఇబాయిబిలే' అంటారు గనక అది ఆకుల పొత్తమయింది. చిన్నప్పుడు ఆదివారం బడిలో లిండెల్వా కూడా ఆకుల పొత్తమే అంటే పిల్లలంతా నవ్వారు. బుసిసివేకీ అదే కథ. ఆమె మామగారు, అంటే నొఫెజిలే భర్త, పేరు లాంగా. లాంగా అంటే సూర్యుడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆమెకి పొద్దున సూర్యుడు రాడు, 'వెచ్చనిది' వస్తుంది.

"ఇప్పుడు దాని ముందున్న అక్షరం మార్చు" అంది బుసిసివే. "ఊళ్ళోకి అనేటప్పుడు పేరు ముందు 'ఎ' పెట్టి అంటాం కదా? అలా చెప్పు."

"ఎబాయి" అంది లిండెల్వా. అనగానే చేతిలో కాగితం బల్ల మీద పడేసింది. "ఎబాయి! అమ్మా, ఎబాయి!"

దేశపటంలో పోర్ట్ ఎలిజబెత్ అని అచ్చువేసిన ఊరు. నొఫెజిలేవాళ్ళ ఖోసా జనం నోట ఎప్పుడూ ఎబాయియే. డర్బన్‌కి ఎనిమిది తొమ్మిది వందల కిలోమీటర్లు అవతల, దక్షిణాన. ఇంగ్లీషు 'బే' నుంచి వచ్చిన ఎబాయి అన్నా వంపే. ఎతెక్విని అన్నా వంపే. రెండు సముద్రాల వంపులకి ఒకటే అర్థం. ఒక కోడలు తన మామగారి పేరు పలకలేక అర్థం చెప్పింది. ఇంకో కోడలు ఆ అర్థాన్ని తన భాషలో ఊరు చేసేసింది.

బుసిసివే శాలువా తీసుకెళ్ళి అత్తగారి భుజాల మీద కప్పింది. కప్పాక చేతులు వెంటనే తియ్యలేదు. "మరి తెకు అన్నప్పుడు ఎందుకు తలూపారత్తమ్మా?"

"నువ్వు గౌరవానికి అలా అన్నావనుకున్నాను" అంది నొఫెజిలే. "నీ మొగుడి తాత పేరు కదా, నువ్వూ పలకవు. అందుకని మీ భాషలో మాట వెతికి మర్యాదగా చెప్పావనుకున్నాను. ఎంత మంచి కోడలు దొరికిందని ఆ రాత్రి దేవుడికి కూడా చెప్పుకున్నాను."

బుసిసివే నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయి, పిండి చేత్తో కళ్ళు తుడుచుకుంది. కనుబొమ్మ మీద తెల్లటి చార పడింది. "అయ్యో అత్తమ్మా. నేనంత మంచిదాన్ని కాదు."

"అది ఇప్పుడు విన్నానులే. గుర్రం అంటే కోడలి మీద కుట్ర అన్నావు."

"అన్నాను. తప్పయింది."

"కూర్చో. రొట్టె పొంగు దిగిపోతుంది, మూత పెట్టి కూర్చో."

లిండెల్వాకి కుదురు లేదు. సీట్లు మార్చుకోవాలి. గది మార్చుకోవాలి. ఉమ్లాజీ పెద్దమ్మకి ఏం చెప్పాలి? మేకకి ఏం చెప్పాలి? అయినా ముందు ఇంకొకటి తేలాలి. "నాయనమ్మా, ఆ ఊరి పేరు మార్చారు తెలుసా? ఇప్పుడది గెబెర్హా. రేడియోలో రోజూ వాతావరణం చెప్పేటప్పుడు చెబుతారు."

నొఫెజిలే తలెత్తింది. "గెబెర్హా అంటే వాగు కదే? ఆదివారాలు మేం కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. రేడియోవాళ్ళు ఒక్క వాగు మీద వాన పడిందా లేదా అని రోజూ ఎందుకు చెబుతారా అనుకునేదాన్ని."

"ఆ వాగు పేరే ఊరంతటికీ పెట్టారు."

నొఫెజిలే నాలుకని అంగిలికి కొట్టి, ఆ పేరు మొదట్లో ఉండే టక్కుమనే చప్పుడుతో సహా, మెల్లగా పలికింది. "గెబెర్హా." మళ్ళీ పలికింది. అందులో మామగారి పేరు ఎక్కడా తగల్లేదు. మూడోసారి కొంచెం గట్టిగా పలికింది. మొదటిసారి ఆ ఊరు ఆమె నోట్లో పట్టింది.

"సరే, ఇది కొత్త పేరు" అంది లిండెల్వా. "ఇంగ్లీషు పేరుంది కదా నాయనమ్మా? పోర్ట్ ఎలిజబెత్ అంటే సరిపోయేది. ఇంత గందరగోళం ఉండేది కాదు."

"ఆ పేరు పలకను."

"అది మామగారి పేరు కాదుగా!"

"నేను పనిచేసిన ఇంటి దొరసాని పేరు" అంది నొఫెజిలే. "ఆవిడా ఎలిజ…" అని, మిగతా సగం మింగేసింది. "ఆవిడ గుమ్మం దాటి వచ్చేసిన రోజు అనుకున్నాను, ఆ పేరు ఇక నా నోట రానివ్వనని. ఒకటి మర్యాదకి మూసుకున్నాను, ఒకటి కోపానికి మూసుకున్నాను. ఊరికి పేరే లేకుండా పోయింది నాకు."

బుసిసివే, లిండెల్వా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నొఫెజిలే ఎబాయిలో ఇళ్ళల్లో పనిచేసిందని సండిలేకి కూడా తెలియదు. పల్లె నుంచి తిన్నగా జోహన్నెస్‌బర్గ్, గని పనిలో ఉన్న భర్త దగ్గరికి వచ్చిందనే అందరూ అనుకుంటున్నారు.

"ఎప్పుడు నాయనమ్మా?"

"మీ నాన్న పుట్టకముందు. మీ తాత గనిలోకి వెళ్ళి ఉత్తరాలు మానేశాడు. ఇంట్లో జొన్నలు అయిపోయాయి. నేను రైలెక్కి వెళ్ళాను. ఆ రోజుల్లో మనబోటివాళ్ళం బయటి ఊరు పోతే మూడు రోజులే ఉండనిచ్చేవాళ్ళు. నల్లవాళ్ళు ఎక్కడికెళ్ళినా వెంట ఉంచుకోవాల్సిన పాస్ పుస్తకం నాకూ ఉంది గానీ, అందులో ఆ ఊరి ముద్ర లేదు. ముద్ర లేకపోతే పని లేదు. పోలీసు కంటబడితే తిరుగు రైలు." ఆమె శాలువా అంచుని వేళ్ళకి చుట్టుకుంటోంది. "అక్కడ తోజామా అని ఒక పిల్ల. తోజామా సికితి. న్యూ బ్రైటన్ పేటలో పుట్టింది, అందుకని ఆమె పుస్తకంలో ముద్ర ఉంది. నా వయసే. నవ్వితే బుగ్గ మీద సొట్ట పడేది. 'వారం రోజులు నా పుస్తకం పట్టుకుపో, నా పేరు చెప్పి పనిలో చేరు, వచ్చే గురువారం తిరిగి ఇచ్చెయ్యి' అంది. ఒట్టి చేతులతో తిరగడం కంటే నయమని నా పుస్తకం తను పెట్టుకుంది."

"ఫోటో ఉంటుంది కదా పుస్తకంలో?"

"ఉంటే? వాళ్ళు మన మొహం ఎప్పుడు చూశారు? ముద్ర చూసేవాళ్ళు."

గురువారం మధ్యాహ్నం పనివాళ్ళకి సెలవు. ఆడవాళ్ళంతా ఆ కంచు గుర్రం దగ్గర కలుసుకునేవాళ్ళు. పుస్తకాలు మార్చుకోవాల్సింది అక్కడే.

"గురువారం వచ్చింది" అంది నొఫెజిలే. "దొరసాని చెప్పింది, శుక్రవారం ఆఫీసుకి తీసుకెళ్ళి పేరు రాయిస్తానని. ఒక్క రోజు. ఇంకొక్క రోజు ఆ పుస్తకం నా దగ్గరుంటే పని ఖాయం. అందుకని…"

పక్కింట్లో ఎవరో ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టుకున్నట్టున్నారు, ఒక్కసారిగా కేకలు వినిపించాయి.

"వెళ్ళలేదా?" అంది బుసిసివే నెమ్మదిగా.

"వెళ్ళలేదు. తోజామా గుర్రం దగ్గర సాయంత్రందాకా నిలబడిందట. పోలీసు బండి అక్కడికే వచ్చింది. నా పుస్తకం చూశారు. ముద్ర లేదు. నా పేరు మీద తనని రైలెక్కించి మన పల్లెల వైపు పంపేశారు. పుట్టి బుద్ధెరిగాక సముద్రం లేని ఊరు చూడని పిల్లని." నొఫెజిలే గొంతు పెరగలేదు, తగ్గలేదు. "ఆదివారం తెలిసింది నాకు. దొరసాని దగ్గర ఏడ్చాను. నేను తోజామాని కాదమ్మా, పుస్తకం తిరిగివ్వాలి, ఆ పిల్లని వెనక్కి రప్పించాలి అన్నాను. ఆవిడ కాఫీ తాగుతోంది. 'నువ్వయితే ఏమిటి, అదయితే ఏమిటి, నాకు ఇల్లు తుడిస్తే చాలు' అంది. నేను పద్నాలుగు నెలలు తుడిచాను. తోజామా అని పిలిస్తే పలికాను. తర్వాత మీ తాత ఉత్తరం రాస్తే ఇటు వచ్చేశాను. మన పల్లెలున్న ట్రాన్స్‌కైవాళ్ళు కొత్తగా గుర్తింపు కాగితాలు ఇచ్చినప్పుడు నా పేరు నాకొచ్చింది. ఆమెది ఆమెకి వచ్చిందో లేదో ఏనాడూ వాకబు చెయ్యలేదు. సిగ్గు. వెళ్ళడానికి సిగ్గు, వెళ్ళలేదని ఇంకా సిగ్గు. ఇప్పుడు కళ్ళు పోతున్నాయంటున్నాడు. నేను చూడవలసింది సముద్రం కాదు బిడ్డా. ఆ మొహం. బతికుంటే."

నాయనమ్మ తప్పు చేసిందా? చేసింది. తప్పు చేసినట్టు అనిపిస్తోందా? ఇరవయ్యేళ్ళ పిల్ల, ఇంట్లో జొన్నలు లేని పిల్ల… ఏ వైపు నిలబడి చూడాలో లిండెల్వాకి తెలియలేదు. తెలియనప్పుడు ఆమె చేసే పని ఒకటే, చేతికందిన పని చెయ్యడం.

"తోజామా వాళ్ళు ఏ చర్చికి వెళ్ళేవాళ్ళు?"

"మన చర్చే. వాళ్ళమ్మ కూడా మాలాగే చర్చి ఆడవాళ్ళ సంఘం ఎర్ర జాకెట్టు తొడుక్కునేది."

లిండెల్వా అలమారా పైనుంచి చర్చి డైరీ దించింది. ఏటా అచ్చయ్యే ఆ పుస్తకంలో దేశంలోని వాళ్ళ చర్చిలన్నిటి నంబర్లూ ఉంటాయి. న్యూ బ్రైటన్ పేజీ తీసి డయల్ చేసింది. చర్చి తుడిచే పెద్దాయన ఎత్తాడు. సికితివాళ్ళా, సికితివాళ్ళెందుకు తెలీదమ్మా, రెండో వీధిలో నీలం గేటు అని, అడక్కుండానే ఇంటి నంబరు కూడా చెప్పాడు. యాభై ఏళ్ళకి పైగా ఎవరూ వెతకని మనిషి రెండు నిమిషాల్లో దొరికేలా ఉంది. లిండెల్వాకి అది ధైర్యంగా లేదు, భయంగా ఉంది.

"చెయ్యనా నాయనమ్మా?"

నొఫెజిలే తలూపింది. బుసిసివే కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆమె చెయ్యి పట్టుకుంది. లిండెల్వా అందరికీ వినపడేలా ఫోను బల్ల మధ్యలో పెట్టింది.

నాలుగు రింగులు. ఒక ఆడగొంతు, యాభై దాటినట్టుంది. "హలో, ఎవరండీ?"

"అమ్మా, నమస్కారం. సికితివాళ్ళ ఇల్లేనా? జోహన్నెస్‌బర్గ్ వైపు నుంచి మాట్లాడుతున్నాను. తోజామా సికితి గారనీ, పెద్దావిడ…"

"తోజామానా?" అవతల గొంతు తడబడింది. "తోజామా అని ఈ ఇంట్లో ఎవరూ లేరమ్మా. చిన్నప్పుడు మా అమ్మమ్మ దగ్గర ఆ పేరు విన్నాను. కూతురట. పోయిందన్నారు. పాస్‌ల రోజుల్లో, చాలా కాలం కింద."

నొఫెజిలే కళ్ళు మూసుకుంది. బుసిసివే ఆమె చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"క్షమించండమ్మా" అంది లిండెల్వా. పెద్దలు నేర్పిన మర్యాద ప్రకారం తామెవరో చెప్పింది. "మా నాయనమ్మ ఆవిడకి స్నేహితురాలు. అందుకని అడిగాను. మా నాయనమ్మ పేరు నొఫెజిలే. నొఫెజిలే గ్వాదిసో."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఎవరమ్మా నువ్వు? ఏం ఆటలు ఇవి?" ఈసారి ఆ గొంతులో కోపం ఉంది, కోపం కింద ఇంకేదో ఉంది. "నొఫెజిలే గ్వాదిసో మా అమ్మ. ఇదిగో, నా ఎదురుగా కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది."

ఫోనులో దూరంగా, ఏదో గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు. ఒక ముసలి గొంతు ఏదో అడిగింది, మాటలు అందలేదు. మొదటి గొంతు ఆమెకి ఏదో చెప్పి, మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చింది.

"అమ్మ అడుగుతోంది. మాట్లాడుతున్నది ఎవరని చెప్పమంటారు?"

లిండెల్వా నాయనమ్మ వైపు చూసింది. నొఫెజిలే కోడలి చేతిలోంచి తన చెయ్యి విడిపించుకుని, బల్ల మీద తడుముకుంటూ, ఫోను కోసం చాచింది.